పత్రం ముందు రాయించకండి

(పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తల్లిదండ్రుల కోసం భీమవరంలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది దత్తత తీసుకునేవాళ్లు కాదు, వాళ్ల అమ్మానాన్నలు. తీసుకునేది డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో, కువైట్‌లోనో ఉన్న మీ అబ్బాయో అమ్మాయో. కానీ ఇక్కడ తిరిగేది మీరు. సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లేది మీరు, పురోహితుడితో ముహూర్తం మాట్లాడేది మీరు, "ఫలానా ఊళ్లో ఒక బిడ్డ ఉందంట" అని ఫోను చేసేదీ మీరే. అందుకే ఈ మాటలు ముందు మీకే చెప్పాలి.

లాకులు తెలియనివాళ్లు ఈ డెల్టాలో ఉండరు కదండీ. ధవళేశ్వరం దగ్గర పడవ పైనీళ్ల నుంచి కిందినీళ్లకి దిగాలంటే పైతలుపు మూశాకే కింది తలుపు తీస్తారు. మధ్యలో నీళ్లు సమానం అయ్యేదాకా ఎంత తొందర ఉన్నా ఆగాల్సిందే. రెండు తలుపులూ ఒకేసారి తీసేవాడు ఉండడు. విదేశీ దత్తత అచ్చం అంతే. ఒక్కో అనుమతి ఒక్కో తలుపు. ఒకటి పూర్తికాకుండా రెండోది తెరిస్తే, తర్వాత ఎంత డబ్బు పోసినా పడవ ముందుకు కదలదు.

మన ఇళ్లలో జరిగే వరస చూడండి. పెద్దాయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు అమెరికాలో ఉన్నాడు. చిన్నవాడికి ఇక్కడ ముగ్గురు పిల్లలు. "మూడోదాన్ని అన్నయ్యకి ఇచ్చేద్దాం" అనుకుంటారు. సంక్రాంతికి అందరూ వస్తారు, దత్త హోమం చేస్తారు, స్టాంపు కాగితాల మీద దత్తత దస్తావేజు రాయించి రిజిస్ట్రేషన్ చేయిస్తారు. అంతా చట్ట ప్రకారమే జరిగింది. ఆ దస్తావేజు పట్టుకుని వీసాకి వెళ్తే అక్కడ రాదంటారు. ఎందుకు రాదో అర్థం కావాలంటే రెండు చట్టాలు తెలియాలి.

ఒకటి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం. దీని కింద ఇచ్చి పుచ్చుకోవడం ముఖ్యం. దత్త హోమం తప్పనిసరి కాదని చట్టంలోనే ఉంది. బిడ్డకి 15 ఏళ్లు నిండకూడదు. పిల్లలున్న ఇంటికి ఇందులో ఒక అడ్డుంది, చాలామందికి తెలియనిది. కొడుకో, కొడుకు కొడుకో ఉన్నవాళ్లు మగపిల్లాణ్ని దత్తత తీసుకోకూడదు. కూతురో, కొడుకు కూతురో ఉన్నవాళ్లు ఆడపిల్లని తీసుకోకూడదు. అంటే ఒక బాబు, ఒక పాప ఉన్న ఇంటికి ఈ చట్టం తలుపు పూర్తిగా మూసేసింది. అలాంటివాళ్లు రాయించుకున్న దస్తావేజు రిజిస్టరైనా చెల్లదు. రిజిస్ట్రారు ముద్ర వేశాడు కదా అంటారు. ముద్ర పడినంత మాత్రాన చెల్లని దత్తత చెల్లుబాటు కాదండి.

రెండోది 2015 నాటి బాలల న్యాయ చట్టం. జువెనైల్ జస్టిస్ చట్టం అంటారే, అదే. పేరు చూసి నేరాల చట్టమని భయపడకండి, దత్తతకి సంబంధించిన అధ్యాయం అందులోనే ఉంది. ఇది 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. దీనికి కులంతో, మతంతో, ఇంట్లో ఇప్పటికే ఎవరున్నారన్న దాంతో పని లేదు. దీని కింద నడిచేదే ఢిల్లీలోని కారా, అంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ. దాని పోర్టల్‌ పేరు కేరింగ్స్. ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనలు 2022 సెప్టెంబరులో వచ్చాయి. అప్పటినుంచి దత్తత ఉత్తర్వు కోర్టు ఇవ్వడం లేదు, జిల్లా కలెక్టరు ఇస్తున్నారు.

వీటి మీద మూడో పొర ఇంకొకటుంది. 1993 హేగ్ ఒప్పందం. దేశాలు దాటే దత్తతల్లో పిల్లల అమ్మకాలు జరక్కుండా దేశాలు చేసుకున్న కట్టుబాటు అది. మనం 2003లో ఆమోదించాం. అమెరికాలో 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ ఒప్పందంలో ఉన్న దేశానికి బిడ్డ వెళ్లాలంటే, దత్తత జరగకముందే రెండు దేశాలూ ఒప్పుకోవాలి. "జరిగిపోయింది, ఇప్పుడు ఒప్పుకోండి" అంటే కుదరదు.

ఇక పెద్దాయన కొడుకు దగ్గరికి వద్దాం. అమెరికా నిబంధన ప్రకారం, ఫలానా బిడ్డ కోసమని పెట్టే ఐ-800 అనే దరఖాస్తుకి తాత్కాలిక ఆమోదం రాకముందే దత్తత పూర్తిచేసి ఉంటే ఆ దరఖాస్తు తిరస్కరించాలి. దాటాలంటే ముందు జరిగిన దత్తతని రద్దు చేయించుకుని, మళ్లీ వరసగా రావాలి. సరే, రద్దు చేయిద్దామంటే మన 1956 చట్టం 15వ సెక్షను అడ్డం వస్తుంది. చెల్లుబాటుగా జరిగిన దత్తతని తీసుకున్న తండ్రి గానీ తల్లి గానీ ఇంకెవరు గానీ రద్దు చేయలేరంటుంది. అక్కడివాళ్లు రద్దు చేయించుకు రమ్మంటారు, ఇక్కడి చట్టం కుదరదంటుంది. మధ్యలో బిడ్డ. అందుకే చెబుతున్నాను, పత్రం ముందు రాయించకండి. ఊళ్లోవాళ్లకి భోజనాలు పెట్టుకోండి, పట్టుబట్టలు కొనండి, దస్తావేజు మాత్రం వద్దు.

అదే కేసులో ఇంకో చిక్కుంది. కన్న తల్లిదండ్రులిద్దరూ బతికి ఉంటే, వాళ్లు ఆ బిడ్డని సరిగ్గా పెంచలేని స్థితిలో ఉన్నారని అమెరికా ప్రభుత్వానికి రుజువు చూపాలి. పెంచలేకపోవడం అంటే ఇక్కడి జీవన ప్రమాణాలతోనే చూస్తారు. కానీ అయిదెకరాల చేపల చెరువు, డాబా ఇల్లు ఉన్న తమ్ముడు "నా బిడ్డని పెంచలేను" అంటే ఎవరు నమ్ముతారండీ? (నవ్వులు) అన్నదమ్ముల మధ్య ప్రేమతో బిడ్డనివ్వడం మన దగ్గర గొప్ప. అక్కడ అది కారణం కాదు. ఇలాంటి కేసులు మొదట్లోనే ఆపుకోవడం మంచిది. ఆ పసిదాన్ని నాలుగేళ్లు "నువ్వు అమెరికా వెళ్తావు" అని పెంచి తర్వాత వెళ్లవని చెప్పడం కంటే.

బంధువు అనే మాట కూడా చూడాలి. మనకి వరసలు ఎక్కువ, చట్టానికి తక్కువ. 2015 చట్టంలో బంధువంటే బిడ్డకి తండ్రి వైపు గానీ తల్లి వైపు గానీ పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, తాతయ్య, బామ్మ, అమ్మమ్మ. అంతే. అయితే మనం పెదనాన్న కొడుకుని కూడా తమ్ముడనే అంటాం. "మా తమ్ముడి కూతురండీ" అని ఫారం నింపుతారు. తీరా వంశవృక్షం రాస్తే ఆ తమ్ముడు పెదనాన్నగారి అబ్బాయి. సొంత తోడబుట్టినవాడు కాకపోతే ఆ బిడ్డ మీకు చట్టరీత్యా బంధువు కాదు, దరఖాస్తు అక్కడే ఆగుతుంది. కాబట్టి ఏజెన్సీకి ఫోను చేసే ముందు ఒక కాగితం మీద మూడు తరాల పేర్లు గీసుకోండి.

తోడబుట్టినవాళ్ల బిడ్డే అయితే దారి ఉంది. విదేశంలో ఉన్నవాళ్లు అక్కడ కారా గుర్తించిన ఏజెన్సీతోనో ప్రభుత్వ శాఖతోనో హోమ్ స్టడీ, అంటే ఇంటినీ కుటుంబాన్నీ పరిశీలించి రాసే నివేదిక, చేయించుకుని పోర్టల్‌లో నమోదు కావాలి. ఇక్కడ జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు బిడ్డ కుటుంబం గురించి నివేదిక రాస్తారు. కన్నవాళ్ల అంగీకారం, బిడ్డకి అయిదేళ్లు దాటితే బిడ్డ అంగీకారం కూడా రాతలో ఉండాలి. అవతలి దేశం అనుమతి, కారా ముందస్తు ఆమోదం వచ్చాక బిడ్డ ఉండే జిల్లా కలెక్టరు ఉత్తర్వు. బంధువుల దత్తతకి తీసుకునేవాళ్ల వయసు పరిమితులు వర్తించవు, ఇంట్లో ఇప్పటికే ఎంతమంది ఉన్నారన్న అడ్డూ లేదు.

బంధువు కాని బిడ్డ విషయంలో మాత్రం ఆ లెక్క గట్టిగా ఉంటుంది. ఇప్పటికే ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ పిల్లలున్న దంపతులకి ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, లేదా కుటుంబం దొరకడం కష్టమైన పిల్లల్ని మాత్రమే చూపిస్తారు. 2017 నిబంధనల్లో ఇది ముగ్గురు పిల్లలకి ఉండేది, 2022లో ఇద్దరికి దించారు. చాలామంది ఇది అన్యాయం అంటారు. నాకైతే సబబుగానే కనిపిస్తుంది. 2023-24లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,009. వాటిలో విదేశాలకి వెళ్లినవి 449. ఎదురుచూసే ఇళ్ల సంఖ్య దీనికి ఎన్నో రెట్లు. పిల్లలే లేని వాళ్లు మూడేళ్లకి పైగా వరసలో నిలబడి ఉంటే, ఇద్దరున్న ఇంటికి ఆరోగ్యంగా ఉన్న నెలల పాపని ఇవ్వడం ఎలా కుదురుతుంది?

ప్రత్యేక అవసరాలు అనగానే మన ముఖాలు మారిపోతాయి. ఆ మాట కింద ఎన్ని రకాలున్నాయో ఒకసారి చూడండి. గ్రహణం మొర్రి ఉంది, ఆపరేషన్లతో, మాట నేర్పే థెరపీతో బాగుపడేది. గుండెలో చిన్న రంధ్రం ఉంది, కొన్ని వాటంతటవే మూసుకుపోతాయి. వంకర పాదం ఉంది, వారం వారం పిండికట్లు మారుస్తూ సరిచేసేది. అదే జాబితాలో తలసేమియా మేజర్ కూడా ఉంది, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. సెరిబ్రల్ పాల్సీ ఉంది. చెవుడు ఉంది. ఇవన్నీ ఒక గాటన కట్టేవి కావు. మీ అబ్బాయినీ కోడల్నీ అడగాల్సింది "ప్రేమగా చూసుకోగలరా" అని కాదు, ఎవరైనా చూసుకుంటామనే అంటారు. ఇంట్లో ఇప్పటికే ముగ్గురు పిల్లలున్నారనుకోండి, ఇద్దరికీ ఉద్యోగాలు. వారానికి ఎన్ని గంటలు ఆస్పత్రికి, థెరపీకి తీయగలరు? పెద్దపిల్లాడి ట్యూషన్ ఏ రోజు, కారు ఎవరి చేతిలో ఉంటుంది, బీమా దేనికి ఎంత ఇస్తుంది? ఒక కాగితం మీద సోమవారం నుంచి ఆదివారం దాకా గీసి చూడమనండి. ఆ కాగితం మీద ఖాళీ లేకపోతే జీవితాంతం వైద్యం కావాల్సిన బిడ్డకి వాళ్లు సరిపోరు. అది తప్పేమీ కాదు, ముందే తెలియడం మంచిది.

వయసుల లెక్క సూటిగా చెప్పేస్తాను. దంపతుల వయసులు కలిపి 85 దాటకపోతే రెండేళ్ల లోపు బిడ్డ. 90 దాటకపోతే నాలుగేళ్ల దాకా. 100 లోపైతే ఎనిమిదేళ్ల దాకా. 110 లోపైతే 18 లోపు ఎవరైనా. పెళ్లై స్థిరంగా రెండేళ్లు ఉండాలి, బిడ్డకీ తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికీ మధ్య 25 ఏళ్ల తేడా ఉండాలి. ఆయనకి 44, ఆవిడకి 42 అయితే మొత్తం 86. ఒక్క ఏడాది తేడాతో రెండేళ్ల లోపు బిడ్డ పోయింది. మూడో బిడ్డ అనుకునేసరికి చాలా జంటలు ఈ గీత దగ్గరే ఉంటాయి కాబట్టి "వచ్చే ఏడాది చూద్దాం" అనడం ఇక్కడ ఖరీదైన మాట.

ఇప్పుడు హోమ్ స్టడీ. ఇల్లు ఎంత పెద్దదో చూసి వెళ్లిపోతారనుకోకండి. సామాజిక కార్యకర్త దంపతుల్ని కలిపీ విడివిడిగానూ అడుగుతారు, ఇంట్లో ఉన్న పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. అయిదేళ్లు దాటిన పిల్లల అంగీకారం రాసి ఇవ్వాలి. "చెల్లి వస్తే నీ గది సగం ఇవ్వాలి, సరేనా?" అని ముందే ఇంట్లో మాట్లాడుకోకపోతే, ఎనిమిదేళ్ల పిల్లాడు ఆవిడ ముందు ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. మన దేశపు నివేదిక మూడేళ్లు చెల్లుతుంది. అమెరికాలో తల్లిదండ్రుల అర్హత తేల్చే ఐ-800ఏ దరఖాస్తుకి ఆమోదం 15 నెలలే, పొడిగించుకుంటూ పోవాలి. మొదట దాఖలు చేసేటప్పుడు నివేదిక ఆరు నెలలకి మించి పాతది కాకూడదు.

పెద్ద కుటుంబాలకి కాలయాపన అంతా ఇక్కడే. ఆ ఇంట్లో నివాసం ఉండే 18 దాటిన ప్రతి ఒక్కరి వేలిముద్రలు తీసుకుంటారు. పెద్దకొడుకు కాలేజీకొచ్చాడు, వాడివీ ఇవ్వాలి. మీరు గ్రీన్ కార్డు మీద ఆ ఇంట్లోనే ఉంటుంటే మీవీ ఇవ్వాలి. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకి ఈ బాధ లేదు. పద్దెనిమిదేళ్లు దాటాక ఏ రాష్ట్రంలో కాపురం ఉన్నా, అక్కడి పిల్లల వేధింపుల రిజిస్టరులో పేరు లేదని కాగితం తేవాలి. కాంట్రాక్టు ఉద్యోగాల్లో న్యూజెర్సీ, టెక్సస్, ఒహైయో, కాలిఫోర్నియా తిరిగినవాళ్లకి నాలుగు రాష్ట్రాల నుంచి నాలుగు జవాబులు రావాలి. ఒక రాష్ట్రం ఆలస్యం చేస్తే మిగతా మూడూ వచ్చి ప్రయోజనం లేదు. అందుకే హోమ్ స్టడీకి సంతకం పెట్టిన రోజే ఈ లేఖలకి దరఖాస్తు చేయమనండి. ఎదురుచూసేటప్పుడు ఇల్లు మారితే, ఉద్యోగం పోతే, మళ్లీ గర్భం వస్తే చెప్పాలి. దాచకూడదు. ఒక బిడ్డ ఉన్న ఇంట్లో రెండో కాన్పు జరిగితే అది ఏ పిల్లల్ని చూపించాలన్న దాన్నే మార్చేస్తుంది.

పేర్ల సంగతి. మనకి ఇంటిపేరు ముందు, అమెరికాకి వెనక. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో మొత్తం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో తండ్రి పేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో ఆవిడ పుట్టింటి పేరు. ఫైలులో ఇవన్నీ ఒకే మనిషివని ఎవరు నమ్ముతారు? అన్నీ ఒకటేనన్న అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకోండి. పాతికేళ్ల క్రితం పెళ్లిళ్లకి చాలావాటికి రిజిస్ట్రేషన్ లేదు, శుభలేఖ చాలదు. సర్టిఫికెట్ తెప్పించే పని మీరు ఇక్కడ చేయగలిగిన అసలు సాయం. విదేశీ కాగితాలు నోటరీ అయ్యాక అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, పడాలి. అమెరికాలో ఏ రాష్ట్రంలో నోటరీ చేయిస్తే ఆ రాష్ట్రమే అపోస్టిల్ వేస్తుంది.

సరే, కాగితాలన్నీ అయ్యాయి, వరసలో నిలబడ్డారు. ఒకరోజు బిడ్డ వివరాలు వస్తాయి. ఫోటో, చైల్డ్ స్టడీ రిపోర్టు, మెడికల్ ఎగ్జామినేషన్ రిపోర్టు. ఫోటో చూసి ఏడ్చేసి ఒప్పుకునేవాళ్లున్నారు. ఫోటో పక్కన పెట్టి మెడికల్ రిపోర్టు తెరవాలి. ముందు చూడాల్సింది మూడు అంకెలు: పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, తల చుట్టుకొలత. పుట్టిన బరువు రెండున్నర కిలోల లోపైతే నెలలు నిండాయా లేదా అడగాలి. నెలలు నిండని బిడ్డకి కళ్లలో రెటీనా పరీక్ష జరిగిందా లేదా అడగాలి. అలాంటి బిడ్డ ఎదుగుదలని రెండేళ్ల దాకా పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. లేకపోతే మామూలుగానే ఉన్న బిడ్డ వెనకబడినట్టు కనిపిస్తుంది. తల చుట్టుకొలత ఒక్క కొలత చాలదు. పుట్టినప్పుడు దాదాపు 35 సెంటీమీటర్లు, ఏడాదికి 46 చుట్టూ ఉంటుంది. కనీసం మూడు తేదీల కొలతలు తెప్పించి గ్రాఫు మీద పెట్టాలి. గీత తక్కువలో ఉన్నా పైకి పోతుంటే ఒక మాట, చదునుగా పడుకుంటే ఇంకో మాట. సంస్థలో పెరిగిన పిల్లలు పొట్టిగా ఉండటం మామూలే. మూడు నెలలకి ఒక నెల ఎదుగుదల తగ్గుతుందని డాక్టర్లు మోటుగా లెక్కేస్తారు, ఇంటికొచ్చాక అది చాలావరకు పూడుతుంది.

తర్వాత రక్తపరీక్షలు. 18 నెలల లోపు బిడ్డకి హెచ్‌ఐవీ యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చిందంటే బిడ్డకి వ్యాధి ఉన్నట్టు కాదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటిదాకా ఉండొచ్చు. పీసీఆర్ పరీక్ష అడగాలి. ఈ ఒక్క ముక్క తెలియక బిడ్డల్ని వద్దనుకునే ప్రమాదం ఉంది. సికిల్ సెల్ అనే రక్తవ్యాధి మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఉన్నదే. ఆరు నెలల లోపు బిడ్డలో తల్లి కడుపులో ఉన్నప్పటి రకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు చేసే మామూలు సాల్యుబిలిటీ పరీక్ష నమ్మకండి, తర్వాత మళ్లీ చేయించాలి. థైరాయిడ్, హెపటైటిస్ బి, వినికిడికి ఓఏఈ లేక బెరా, గుండె చప్పుడు తేడా ఉంటే టూడీ ఎకో. ఇవన్నీ ఇంగ్లీషులో రాసి ఏజెన్సీ ద్వారా అడిగితే పంపిస్తారు. బిడ్డ రిపోర్టుని మీ సొంత పిల్లల డాక్టరుకి చూపించుకునే హక్కు నిబంధనల్లోనే ఉంది. భీమవరంలోనో కాకినాడలోనో మీకు తెలిసిన పిల్లల డాక్టరు ఉంటే, మన ఆస్పత్రుల రాత చదవడంలో అమెరికా డాక్టరు కంటే ఆయనే నయం.

గడువు మాత్రం తక్కువ. ఇండియాలో ఉన్నవాళ్లకి బిడ్డని రిజర్వు చేసుకోవడానికి 48 గంటలు, ఒప్పుకోవడానికి 30 రోజులు. విదేశాల్లో ఉన్నవాళ్లకి రిజర్వు గడువు కాస్త ఎక్కువైనా గంటల లెక్కే. కాబట్టి డాక్టర్ని ముందే మాట్లాడి పెట్టుకోవాలి, ప్రొఫైల్ వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమే. వరసగా మూడుసార్లు వద్దంటే ఏడాదిపాటు పక్కన పెడతారు.

ఒప్పుకున్నాక అమెరికా వరస ఇది. ఐ-800 తాత్కాలిక ఆమోదం, వీసా దరఖాస్తు, ఆ తర్వాత తమ దేశం ఒప్పుకుంటోందని అమెరికా రాయబార కార్యాలయం ఇచ్చే హేగ్ లేఖ. అది అందాక కారా ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. అప్పుడు బిడ్డ ఉన్న సంస్థ ఏ జిల్లాలో ఉంటే ఆ కలెక్టరు ఉత్తర్వు, దానికి చట్టంలో రెండు నెలల గడువు. తర్వాత దత్తత హేగ్ ఒప్పందం ప్రకారమే జరిగిందనే కారా ధ్రువపత్రం, బిడ్డ పాస్‌పోర్టు, దత్తత పూర్తయిన బిడ్డకిచ్చే ఐహెచ్-3 వీసా. అమెరికా పౌరులైన తల్లిదండ్రులతో ఆ వీసా మీద దిగగానే బిడ్డకి పౌరసత్వం వచ్చేస్తుంది. బిడ్డ ఒడిశాలో ఉండొచ్చు, మహారాష్ట్రలో ఉండొచ్చు, పోర్టల్ దేశమంతటికీ ఒకటే. తెలుగు రాని నాలుగేళ్ల పాప మీ ఇంటికి రావచ్చని ముందే అనుకోండి. ఎన్‌ఓసీ వచ్చాక తల్లిదండ్రులు తాత్కాలిక సంరక్షణకి బిడ్డని తీసుకోవచ్చు. "మేం ఇక్కడ పెంచుతాం, మీరు వెళ్లి ఉద్యోగం చూసుకోండి" అని మీరు ఉంచుకోవడం మాత్రం కుదరదు. ఆ అనుమతి వాళ్లకే. వాళ్లు ఇక్కడికొచ్చిన వారాల్లో అక్కడున్న పిల్లల్ని ఎవరు చూస్తారన్నది మీరు తీర్చగల సమస్య. మీలో ఒకరు ముందే విజిటర్ వీసా తీసుకుని అక్కడ ఉండండి.

గ్రీన్ కార్డు, హెచ్-1బీ వాళ్ల సంగతి అడగబోతున్నారు. ఐ-800 దారి దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులైతేనే. మిగతావాళ్లు బిడ్డతో రెండేళ్లు ఒకే ఇంట్లో కలిసి ఉండి, రెండేళ్లు చట్టబద్ధ సంరక్షణ చూపించాలి, 16 ఏళ్ల లోపు దత్తత జరిగుండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు రెండేళ్లు ఇండియాలో కూర్చుంటే కార్డుకే ముప్పు. పైగా ఆ దేశం ఒప్పుకోలు లేఖ లేనిదే కారా ఎన్‌ఓసీ కదలదు. పౌరసత్వం దగ్గర్లో ఉంటే ఆగమనండి.

గల్ఫ్ దేశాలేవీ హేగ్ దత్తత ఒప్పందంలో లేవు. కువైట్, ఖతర్, దుబాయ్‌లో ఉన్న మనవాళ్లు అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా నడవాలి. అయితే ముందు తేల్చుకోవాల్సింది, దత్తత బిడ్డకి అక్కడి కుటుంబ వీసా ఇస్తారా అన్నది. దాన్ని రాతలో తెచ్చుకోకుండా ఇక్కడ అడుగు వేయకండి.

డబ్బు. స్వదేశీ దత్తతకి సంస్థకి చెల్లించేది రూ. 50,000, విదేశీ దత్తతకి 5,000 డాలర్లు. అక్కడి ఏజెన్సీ ఫీజు దీనికి కొన్ని రెట్లుంటుంది. అమెరికాలో 2025కి దత్తత పన్ను రాయితీ గరిష్ఠంగా 17,280 డాలర్లు. విదేశీ బిడ్డ అయితే దత్తత పూర్తయిన ఏడాదే అడగాలి, ముందు కాదు. దీని మీద విరాళం అనో, "ఆయాకి ఏదైనా ఇవ్వండి" అనో ఎవరు అడిగినా రసీదు అడగండి. ఆస్పత్రి దగ్గర బిడ్డని ఇప్పిస్తామనేవాడు దొరికితే రసీదు కూడా అడక్కండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి. పద్ధతి తప్పి బిడ్డని తీసుకున్నవాళ్లకి మూడేళ్ల దాకా జైలు. అమ్మితే, కొంటే అయిదేళ్లు. ఆస్పత్రి సిబ్బంది చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. "పెంచుకుంటున్నాం" అనే మాట మన ఊళ్లలో చాలా తేలిగ్గా వాడేస్తాం.

బిడ్డ వెళ్లాక పని అయిపోయినట్టు కాదు. మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి, మొత్తం ఆరు నివేదికలు అక్కడి ఏజెన్సీ పంపాలి. వెళ్లిన కొత్తలోనే రక్తపరీక్షలు, టీబీ, మలపరీక్ష మళ్లీ చేయించి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు ఆరు నెలలకి ఇంకోసారి చేయిస్తారు. బిడ్డ అన్నం దాచుకుంటుంది, దిండు కింద చపాతీ ముక్క దొరుకుతుంది. తిట్టకండి, తీసేయకండి. అందేచోట ఒక డబ్బాలో తినేవి ఎప్పుడూ ఉంచండి, కొన్ని వారాలకో నెలలకో అది మెల్లిగా తగ్గుతుంది. ఇంట్లో ఉన్న మిగతా పిల్లలకీ ఈ సంగతి ముందే చెప్పిపెట్టండి. లేకపోతే "అమ్మా, ఇది దొంగతనం చేస్తోంది" అని వాళ్లే మొదలెడతారు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: దస్తావేజు ఇప్పటికే రాయించేశామండి, పోయినేడాది. ఏం చేయమంటారు?)

ముందు ఆ బిడ్డని ఎక్కడికీ పంపకండి, విజిటర్ వీసాకి దరఖాస్తు చేయకండి. దత్తత ఉద్దేశం దాచి విజిటర్ వీసా అడిగితే అది అబద్ధం కింద పడుతుంది, ఆ మచ్చ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ కనిపిస్తుంది. రెండోది, దస్తావేజు రాయించిన రోజుకి మీ అబ్బాయికి కొడుకుగానీ కూతురుగానీ ఉన్నారా, బిడ్డ మగా ఆడా చూడండి. మగబిడ్డైతే కొడుకు, ఆడబిడ్డైతే కూతురు అప్పటికే ఉంటే ఆ దత్తత 1956 చట్టం 11వ సెక్షను కింద మొదటినుంచీ చెల్లనిదే కావచ్చు. విచిత్రం ఏమిటంటే, అలాంటప్పుడే మీకు దారి మిగులుతుంది. సివిల్ కోర్టులో చెల్లదని ప్రకటన తెచ్చుకుని, మొదటి మెట్టు నుంచి వరసగా రావచ్చు. చెల్లేదే అయితే అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరు, ఇక్కడి కుటుంబ చట్టాల లాయరు ఇద్దరూ ఒకే ఫోనులో మాట్లాడుకోవాలి. ఒక్కర్నే అడిగితే ఒక్క తలుపు సంగతే చెబుతారు.

(సభలోంచి: బిడ్డకి ఇంటిపేరు ఏది రాయించాలండి?)

కలెక్టరు ఉత్తర్వులో తల్లిదండ్రుల పేర్లు వాళ్ల పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే, అదే స్పెల్లింగుతో, అదే వరసలో ఉండాలి. దాన్ని బట్టే కొత్త జనన ధ్రువపత్రం, దాన్ని బట్టే బిడ్డ పాస్‌పోర్టు. ఉత్తర్వు ముసాయిదా చూపించమని ముందే అడగండి. ఒక్క అక్షరం తేడా ఉంటే అక్కడే దిద్దించండి. సంతకం అయ్యాక దిద్దించాలంటే వాళ్ల విమానం టికెట్లు మారిపోతాయి.